బీరువాని దించే ఇద్దరు

మార్చి 3, మంగళవారం

ఇవాళ జాబితాలోంచి ఒక కుక్కని కొట్టేశాను.

ఇల్లు మారుతున్నవాళ్ళ సామాను రాసుకురమ్మని ఆఫీసు నుంచి పంపారు. నడుం ఆపరేషనై పదకొండు నెలలైంది. అప్పట్నించీ నాకు ఈ రాత పనే. ఇరవై తొమ్మిదేళ్ళు మెట్ల మీద బీరువాలూ ఫ్రిజ్‌లూ మోసినవాణ్ణి కుర్చీలో కూలేసి చేతికి పెన్నిచ్చారు. సరే. మంచాలు రెండు, సోఫా ఒకటి, అద్దం బల్ల ఒకటి అని రాసుకుంటూ వెనక గదిలోకి వెళ్ళాను. తలుపు వెనక అది పడుకుని ఉంది. బూడిద రంగు, దూడంత ఒళ్ళు. లేచి నిలబడితే దాని వీపు నా నడుం దాకా వచ్చింది, సరిగ్గా పోయిన ఎముక దాకా.

అలవాటు కొద్దీ "కుక్క - 1 (పెద్దది)" అని రాశాను.

ఇంటావిడ తొంగి చూసి, "అది రావట్లేదండీ, కొట్టేయండి" అంది. కొత్త ఇల్లు ఎనిమిదో అంతస్తట. లిఫ్టులో ఇది ఎక్కితే మనుషులు ఎక్కరట. "చిన్నప్పుడు బుట్టలో పట్టేది. ఇంత అవుతుందని ఎవరనుకున్నారు?"

ఎవరనుకున్నారట! ఆ పంజాలు చూస్తే తెలీదూ? దాని తల్లిని చూశారా అని అడిగాను. పిల్లల ఫోటో చూసి తెచ్చుకున్నామంది. శుక్రవారం ఇల్లు మారతారు, రేపు దీన్ని కుక్కల షెల్టర్లో వదిలేస్తారు.

కొట్టేశాను. గీత గట్టిగా పడి కాగితం చిరిగింది. నాకేం పట్టింది.

మార్చి 5, గురువారం

షెల్టర్‌కి వెళ్ళాను. ఊరికే. దారిలోనే ఉంది. మూడు బస్సులు మారితే దారిలోనే.

అక్కడ ఫారాలు చూసే మేడం ఒకావిడ ఉంది. జేబులో నాలుగు పెన్నులు, మొహంలో ఒక్క నవ్వు లేదు. ఏ కుక్క కావాలని అడిగింది. ఏదీ వద్దు, ఆ పెద్దది ఎలా ఉందో చూసి పోదామని వచ్చానన్నాను. "అలా అన్నవాళ్ళకే ముందు ఫారం ఇస్తాను" అంది.

గంటసేపు బుర్ర తినేసింది. దానికి మూడేళ్ళు. డెబ్భై ఒక్క కిలోలు. ఇంత పెద్ద జాతివి ఎనిమిదేళ్ళు బతికితే గొప్ప. తిన్నాక కాసేపు కదలనివ్వకూడదు, కడుపుబ్బి లోపల మెలి తిరిగిందంటే గంటల్లో డాక్టరు దగ్గర ఉండాలి. కీళ్ళు తొందరగా అరుగుతాయి. మందులు బరువుని బట్టి, అంటే మన మోతాదే. పిల్లిని చూసి పట్టీ లాగిందంటే పట్టుకున్నవాడు వెనకాలే పోవాలి. ఊరెళ్తే ఎవరూ పెట్టుకోరు. ఇవన్నీ ముందు ఆలోచించుకోవాలండీ, తెచ్చుకున్నాక కాదండీ అని ఒకటే పోరు.

నేను సగం వినలేదు. ఎందుకంటే అది లోపల్నించి వచ్చి నా పక్కన నిలబడి, మెల్లిగా ఒళ్ళంతా నా తుంటి మీదకి ఆన్చింది. ఇష్టమైతే ఇవి ఇలాగే ఆనుకుంటాయట. కాళ్ళు ఎడంగా పెట్టి కాచుకున్నాను. పదకొండు నెలల తర్వాత నా మీద ఒక బరువు పడింది, వద్దని ఎవరూ అనలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. దుమ్మని రాయను, దుమ్ము లేదు.

వాళ్ళు పెట్టిన పేరేదో ఉందట, దానికే గుర్తులేదు. బీరువా అని పిలిచాను. చెవులెత్తింది.

మార్చి 6, శుక్రవారం

అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్నా, నీ నడుం విరగ్గొట్టిందే బీరువా. కుక్కకి అదే పేరా?"

"అందుకే పెట్టాను."

"పది కిలోలు దాటితే ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఇదెంతుంది?"

"కుక్కని ఎవరెత్తుతారే? అదే నడుస్తుంది."

"ఎన్నాళ్ళు?"

సిగ్నల్ పోయింది. అంటే నేనే పెట్టేశాను.

మార్చి 8, ఆదివారం

ఫారం నింపాను. నాలుగు పేజీలు. నా పెళ్ళప్పుడు కూడా ఎవరూ ఇన్ని అడగలేదు.

ఇంట్లో ఖాళీ జాగా ఎంత అన్నారు. టేపు పెట్టి కొలిచాను. తక్కువే. సోఫా పై అంతస్తువాళ్ళకి ఇచ్చేశాను, ఎక్కువైంది. దాని మీద కూర్చునేది నేనొక్కణ్ణే కదా. రోజుకి ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుందన్నారు. నా అంత ఉండదని రాసి, కొట్టేసి, అయిదు గంటలని రాశాను. తొందరగా పోతుందని తెలిసీ కావాలా అని ఒక ప్రశ్న. కావాలి అని రాశాను. కింద గీత కూడా కొట్టాను.

చివరి పేజీలో అడుగున ఇది: కుక్క నడవలేని రోజు దాన్ని మెట్లు దించే ఇద్దరి పేర్లు, సంతకాలు.

మాది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. యాభై రెండు మెట్లు. మొదటి గీత మీద నా పేరు రాశాను. రెండో గీత మీద కూడా నా పేరే రాశాను. మెట్ల మీద బరువు దించడం నాకు ఒక ఫారం నేర్పాలా?

మార్చి 9, సోమవారం

"ఇద్దరు కావాలండీ."

"ఇద్దరున్నారు కదా."

"ఇద్దరూ మీరే."

"నేను ఇద్దరి పని చేసేవాణ్ణి."

"చేసేవారు" అంది మేడం, ఆ 'వారు'ని కాస్త ఒత్తి.

ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం చల్లగా చెప్పుకుపోయింది. ఇంత కుక్కకి అక్కడ చోటు చాలదట. ఇరవై మూడున వ్యాన్ వస్తుంది, రెండు రోజుల ప్రయాణం దూరంలో పెద్ద కుక్కల కోసం ఉన్న చోటికి పంపేస్తారు. అప్పటిలోగా రెండో సంతకం తెచ్చి, ఇల్లు చూపించి ఒప్పిస్తే నాది. లేకపోతే ఇక రావద్దంది. దానికి ఆశ పెట్టొద్దట.

నాకు పుట్టిన ఆశ సంగతి ఎవరూ అడగలేదు.

మార్చి 10, మంగళవారం

రెండో మనిషి కోసం వెతికాను. అల్లుడు పెన్ను కింద పడితే తియ్యడానికి ఇంకొకర్ని పిలిచే రకం. రెండో అంతస్తు లాయరుగారిని అడిగితే, మధ్యలో ఎవరైనా జారి పడితే బాధ్యత ఎవరిదన్నాడు. ఆఫీసులో కొత్తగా చేరిన జోడీలు సంతకం దేని మీదైనా పెడతారు. ఆ రోజొస్తే మాత్రం ఒక్కడూ ఫోన్ ఎత్తడు.

బావ పేరు రాయను.

వరసకి బావ కాడు. పందొమ్మిదేళ్ళు మెట్ల మీద నా జోడీ, బావా బావా అనుకుంటూ అలా అయిపోయాం. అతను పైమనిషి, నేను కిందిమనిషి. దించేటప్పుడు బరువంతా కిందివాడి మీద ఉంటుంది, వాడు వెనక్కి నడవాలి, ఎదురుగా ఉన్న సామాను తప్ప ఏమీ కనపడదు. కళ్ళు పైవాడివి. మెట్టు, మలుపు, ఆగు అని పైవాడు చెప్తుంటే కిందివాడు కాలు వేస్తాడు. పందొమ్మిదేళ్ళు బావ కళ్ళతో వెనక్కి నడిచాను. ఆ రోజు ఒక ఇంట్లో బీరువా దించుతుంటే, మలుపు దగ్గర "ఆనిందా? వదలనా?" అని అడిగాడు. నేను ఊహూఁ అన్నాను. వదిలేశాడు.

జరిగింది అంతే. ఆఫీసువాళ్ళు అడిగితే అదే రాసిచ్చాను. బావని పనిలోంచి తీసేశారు, నాకు కుర్చీ ఇచ్చారు. అప్పట్నించి మాటల్లేవు.

మార్చి 11, బుధవారం

బావ పేరు రాయను.

మార్చి 12, గురువారం

ఒక్కడు దించగలడని రుజువు చేద్దామనుకున్నాను. మెట్ల మీద ఎవరూ తిరగని వేళ చూసుకుని, నీళ్ళు నింపిన ఇరవై లీటర్ల డబ్బాలు మూడూ, వాటి మీద మా ఆవిడ కుట్టుమిషన్ తలకాయా పెట్టాను. ఆవిడ పోయి ఆరేళ్ళయినా దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. మొత్తం కలిపి డెబ్భై ఒక్క కిలోలు, లెక్క సరిపోయింది. దళసరి దుప్పటిలో చుట్టి, నడుముకి పట్టా కట్టుకుని, మెట్టు మెట్టుకీ జార్చుకుంటూ దిగాను. ఎత్తలేదు. జార్చడం ఎత్తడం కాదు.

మొదటి పదహారు మెట్లు దివ్యంగా దిగింది. రెండో అంతస్తు మలుపులో దుప్పటి గోడకి పట్టేసింది. విడిపిద్దామని వంగాను. పట్టా జారింది. డబ్బాలు లాయరుగారి తలుపుకి కొట్టుకుని మూతలూడి, మెట్ల నిండా నీళ్ళు.

లాయరుగారు తువ్వాలుతో బయటికొచ్చాడు. "ఏంటండీ ఇది?"

"కుక్క" అన్నాను.

"ఏ కుక్క?"

"రాబోయేది."

మిషన్‌కి చిన్న సొట్ట పడింది. నాకేం కాలేదు.

మార్చి 13, శుక్రవారం

పనికి వెళ్ళలేదు. ఊరికే. నడుం బాగానే ఉంది.

మార్చి 14, శనివారం

ఇవాళా లేవలేదు. అమ్మాయి వచ్చింది. లాయరుగారు ఫోన్ చేశాడట, చాడీలకి చట్టం అడ్డురాలేదు. వంట చేసి పెట్టి, మాత్రలు తలగడ పక్కన పెట్టి, మెట్లు తుడిచి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

మార్చి 15, ఆదివారం

షెల్టర్‌కి వెళ్ళాను. నడుముకి పట్టీ బిగించుకుని, బస్సులో నిలబడే వెళ్ళాను, కూర్చుంటే లేవలేనని.

మేడం బీరువా పట్టీ నా చేతికిచ్చి ఆవరణలో తిప్పమంది. "దీని దగ్గర మీ బలం పనికిరాదండీ. మాట మీదే నడపాలి. ఒక పనికి ఒకటే మాట." అది నా పక్కనే బుద్ధిగా నడిచింది. నాలుగు మెట్లు వస్తే నా వైపు చూసింది. ఊఁ అన్నాను, ఎక్కింది. ఊఁ అన్నాను, దిగింది. పాపం, ఎంత బంగారం! ఇంతలో ఎవరో విప్పిన బూటు కనపడింది. నోట కరవబోతూ మళ్ళీ నా వైపు చూసింది. ఊహూఁ అన్నాను. నా అనుమతి దొరికినంత సంబరంగా బూటు పట్టుకుని పరుగు. వెనకాల నేను.

బూటు లాక్కున్నాక మేడం, "ఏమన్నారు దాంతో?" అంది.

"ఊహూఁ అన్నాను."

"నాకు ఊఁ అనే వినపడింది."

"ఊహూఁ అనే అన్నానండీ!"

"మీ గొంతులో రెండూ ఒకటేనండీ. వద్దన్నా ఊఁ, సరేనన్నా ఊఁ. నోరు తెరిచి 'వద్దు' అనండి. అది మీ మనసులోకి దూరి చూడదు కదా, చెవికి వినపడిందే చేస్తుంది."

పట్టీ ఆవిడ చేతిలో పెట్టేసి వచ్చేశాను. తిరుగు బస్సులో అర్థమైంది. ఆ రోజూ అదే జరిగుంటుంది. నేను ఊహూఁ అన్నాను, బావకి ఊఁ అని వినపడింది. నా తప్పూ లేదు, అతని తప్పూ లేదు. గొంతు తప్పు. హమ్మయ్య. పదకొండు నెలల నుంచీ ఇంత చిన్న సంగతి తట్టలేదు చూడు. రేపు వెళ్ళి బావకి చెప్పేస్తాను, నవ్వుకుంటాం, సంతకం పెడతాడు.

మార్చి 16, సోమవారం

వెళ్ళలేదు.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. దీంట్లో కూడా అబద్ధం రాస్తే ఇక నేనెక్కడ నిజం రాస్తాను?

ఊఁ అన్నాను.

ఆ రోజు పొద్దున సూపర్‌వైజర్ నన్ను పక్కకి పిలిచి, వచ్చే నెల నుంచి నిన్ను ప్యాకింగ్‌లో వేస్తున్నాం, గాజు సామానుకి కాగితాలు చుట్టు, వయసైంది కదా అన్నాడు. బీరువా దించుతున్నప్పుడు అతను మెట్ల కిందే నిలబడి చూస్తున్నాడు. బీరువా ఆనలేదు. ఒక కాలు మెట్టు అంచున ఉంది, మిగతాదంతా నా ఛాతీ మీద ఉంది. బావ "ఆనిందా? వదలనా?" అని అడిగాడు. ఇది నేనొక్కణ్ణే ఆపగలనని కింద ఉన్నవాడికి చూపించాలనిపించింది. ఊఁ అన్నాను. నోరు తెరిచి, గట్టిగా అన్నాను. బావకి అనుమానం వచ్చి "నిజంగానా?" అన్నాడు.

మళ్ళీ ఊఁ అన్నాను.

మార్చి 17, మంగళవారం

బావ వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు చెల్లెమ్మ తీసింది, అంటే బావ భార్య. నన్ను చూసి పలకరించకుండా లోపలికి పోయింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇవ్వక్కర్లేదు.

బావ ఇప్పుడొక ఆసుపత్రిలో స్ట్రెచర్ తోస్తున్నాడు. అదే బట్టల్లో ఉన్నాడు, అప్పుడే డ్యూటీ దిగినట్టున్నాడు. జుట్టు సగం నెరిసింది.

"ఏంటి?"

"ఒక కుక్క ఉంది బావా."

"కుక్క సంగతి చెప్పడానికి ఏడాది తర్వాత వచ్చావా?"

బస్సులో ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాను, ఒక్కటీ దొరకలేదు.

"ఆ రోజు నేను ఊఁ అన్నాను."

"తెలుసు."

"రెండుసార్లన్నాను."

"తెలుసురా. విన్నది నేనే కదా."

"మరి ఆఫీసులో చెప్పాల్సింది!"

"చెప్పలేదనుకున్నావా? నువ్వు కట్లు కట్టించుకుని మంచంలో పడున్నావు. పడినవాడి మాట కాదని పడేసినవాడి మాట ఎవడు నమ్ముతాడు?" లేచి నిలబడ్డాడు. అరవలేదు. అరిచుంటే తట్టుకునేవాణ్ణి. "పందొమ్మిదేళ్ళు నా కళ్ళు నమ్ముకుని నడిచావు. ఆ కళ్ళతో చూస్తూ నిన్ను పడేశానని రాసిచ్చావు. ఇప్పటికీ మా వీధిలో ఒకడు బల్ల జరపాలన్నా నన్ను పిలవడు."

తప్పైపోయింది బావా అన్నాను. అన్నాక ఆ మాట ఎంత చిన్నదో తెలిసింది.

"నా చెవిలో చెప్తే ఏం లాభం? కాగితం మీద రాశావు కదా, కాగితం మీదే రాయి. నీ కుక్క సంగతి తర్వాత."

మార్చి 18, బుధవారం

రాశాను. నాలుగు వాక్యాలు. బావ అడిగాడు, ఆనకముందే నేను రెండుసార్లు ఊఁ అన్నాను, అంతకుముందు రాసిచ్చింది అబద్ధం, తప్పు నాది. సూపర్‌వైజర్ చేతికే ఇచ్చాను.

చదివి తలెత్తాడు. "తిక్క గానీ పట్టిందా? ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు. అందుకే రాశాను."

"ఆ కుర్చీ నీకెందుకిచ్చామో తెలుసా?"

"తెలుసు. తీసుకోండి. కూర్చుంటే నడుం లాగుతోంది కూడా."

కబురు చేస్తాం, ఇంటికి పొమ్మన్నాడు. ఇక్కడ కబురు చేస్తామంటే ఏంటో నాకు తెలుసు. నకలు మీద అందినట్టు సంతకం పెట్టించుకుని మరీ వచ్చాను. ఉద్యోగం పోయినట్టే. భయంగా ఉంది. ఉండనీ. పదకొండు నెలల్లో మొదటిసారి ఆఫీసు మెట్లు తలెత్తుకుని దిగాను. నడుం నొప్పిగా ఉంది. నొప్పి అనే రాస్తున్నాను.

మార్చి 19, గురువారం

సాయంత్రం బావ వచ్చాడు. నకలు రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ పనిలోకి పిలుస్తారేమో అన్నాను. "నేను పోను. కాగితం బాగుపడింది, చాలు" అన్నాడు. తర్వాత కిందకి దిగి, మెట్లు లెక్కపెట్టుకుంటూ మళ్ళీ పైకొచ్చాడు. మలుపులో ఆగి గోడకీ గోడకీ మధ్య జానలతో కొలిచాడు.

"ఈ మెట్ల మీద నేను సంతకం పెట్టను."

"కాగితం రాశాను కదా!"

"అది నాకు నువ్వు చెయ్యాల్సింది, చేశావు. ఇది వేరు. డెబ్భై కిలోలు దుప్పటిలో పడుకుంటే ఈ మలుపు తిరగదు. నాలుగో మెట్టుకి నీ నడుం పోతుంది. కుక్క వచ్చి నీ మీద పడుతుంది. మళ్ళీ నేనే వదిలేశానంటారు."

"నేను పైన ఉంటాను. నువ్వు కింద ఉండు."

"పైనుంటే చూసింది చూసినట్టు చెప్పాలి. నీకొచ్చా?"

నేనూ ఆ మలుపు జానలతో కొలిచాను.

"మా ముందు గది ఖాళీగా ఉంది" అన్నాడు చెప్పులేసుకుంటూ. "దర్జీ షాపు ఎత్తేశారు. గడప కూడా లేదు, రోడ్డూ గదీ ఒకటే ఎత్తు. కుక్క కావాలంటే అక్కడికి రా."

ఇల్లు మారేది లేదన్నాను. ఒక కుక్క కోసం ఇల్లు మారేవాణ్ణి ఎక్కడైనా చూశావా అన్నాను. "ఇంటి కోసం కుక్కని వదిలేసినవాళ్ళని చూశావు కదా" అని వెళ్ళిపోయాడు.

మార్చి 20, శుక్రవారం

మారను. ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను. ఊళ్ళో సగం ఇళ్ళు నా చేతుల మీదుగా మారాయి, నాది మాత్రం కదలదు. ఆవిడ పోయింది ఈ ఇంట్లోంచే. ఆవిడ మిషన్ పెట్టుకున్న కిటికీ ఇదే. ఆ వెలుగు నేనెక్కడికి మోసుకుపోను? వ్యాన్ వస్తే రానీ. కుక్కలు లేకుండా బతకడం లేదా జనం.

అన్నం తినాలనిపించలేదు.

ఆవిడ చివరిసారి ఇల్లు దాటింది కూడా ఈ మెట్ల మీదే. అప్పటికి నడవలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మేమిద్దరమే దించాం, పైన బావ, కింద నేను. "మెట్టు చెల్లాయ్, ఇంకో మెట్టు, భయపడకు, మీ ఆయన కింద ఉన్నాడు" అంటూ యాభై రెండు మెట్లూ పేరుపేరునా చెప్పాడు. ఎప్పుడో గానీ నవ్వని మనిషి ఆ రోజు అతని మాటలకి నవ్వింది. అప్పుడు ఎవరూ మమ్మల్ని ఫారం అడగలేదు. అడిగితే సంతకం పెట్టేవాళ్ళు ఉన్నారు.

మధ్యాహ్నం వెళ్ళి చెల్లెమ్మని గది అడిగాను.

"కుక్క రావచ్చు" అంది. "మీరూ రావచ్చు. కానీ ఓ ఆర్నెల్లు నేను మీతో మాట్లాడను అన్నయ్యా, ఏమనుకోకండి."

సరే అన్నాను. నోరు తెరిచే అన్నాను.

మార్చి 21, శనివారం

నా సామాను దించారు. బావా, ఆసుపత్రిలో అతనితో పనిచేసే ఇంకొకతనూ. నన్ను ఒక్క చెంచా ముట్టుకోనివ్వలేదు. వీధిలో నిలబడి, అలా కాదు, అంచు చూడు, చేతకాకపోతే చెప్పండి అని అందర్నీ తిడుతూనే ఉన్నాను. మిషన్ దించినప్పుడు ఏడ్చాను. లాయరుగారు వచ్చి చెయ్యి కలిపి మరీ పంపించాడు. మెట్లు పొడిగా ఉంటాయని ఆనందం కాబోలు.

మార్చి 22, ఆదివారం

మేడం బీరువాని తీసుకుని గది చూడ్డానికొచ్చింది. నేల జారుతుందేమోనని అరికాలితో రుద్ది చూసింది, పరుపు మందం నొక్కి చూసింది, నీళ్ళ గిన్నె ఎత్తులో పెట్టమంది. రోజంతా ఇంట్లో ఎవరుంటారని అడిగింది. నేనే, నాకు పని పోయింది అన్నాను. మరి దీన్ని ఎలా పోషిస్తారంది. లోపల్నించి చెల్లెమ్మ గోడకి చెప్తున్నట్టు, "ఆసుపత్రి స్టోర్‌లో సామాను రాసే మనిషి కావాలట, పొద్దున పూట. రేపట్నించి వెళ్తారు" అంది. నాకే తెలీదు. గోడకి థాంక్స్ చెప్పాను.

బీరువా గది మొత్తం వాసన చూసి, పరుపు వదిలేసి, వంటింటి గుమ్మంలో అడ్డంగా పడుకుంది. చెల్లెమ్మ దాన్ని దాటలేక కాసేపు చూసి, దాని పక్కనే కింద కూర్చుంది. అది తల తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ చీరంతా సొల్లు. ఆర్నెల్లు మాట్లాడనన్నది నాతోనే కదా, దానితో గంటసేపు మాట్లాడింది.

చివరి పేజీ తీశారు. మొదటి గీత మీద నేను సంతకం పెట్టాను. మెట్లు లేవు కదా, రెండోది ఎందుకన్నాను, నా నోరు ఊరుకోదు.

"బండెక్కించడానికైనా ఇద్దరు కావాలండీ" అని మేడం బావ వైపు తిరిగింది. "ఇప్పుడు బాగానే ఉంటుంది. ఇంకో నాలుగేళ్ళకో అయిదేళ్ళకో ఒక రోజు లేవదు. అది ఏ వేళైనా కావచ్చు, మీరు డ్యూటీలో ఉండొచ్చు. వస్తారా? ఊరికే సంతకం కోసం అనకండి."

బావ పెన్ను తీసుకుని నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"దీనికేమండీ, నాలుగు కాళ్ళున్నాయి. ముందు నడవలేకుండా పడేది వీడే. వీణ్ణి దించేవాళ్ళకి ఫారం ఏదైనా ఉందా మీ దగ్గర?"

మేడం మొదటిసారి నవ్వింది. "లేదండీ. కుక్కలకే."

నాకెవరూ అక్కర్లేదు, నా కాళ్ళ మీద నేను పోతానన్నాను. వీధి చివరిదాకా వినపడేట్టు అన్నాను. బావ పట్టించుకోలేదు. రెండో గీత మీద సంతకం పెట్టాడు. కాగితం తిప్పి, ఖాళీగా ఉన్న వెనక వైపు ఇంకో సంతకం పెట్టాడు.

"వెనక అక్కర్లేదండీ" అంది మేడం.

"అది కుక్కది కాదండీ" అన్నాడు బావ.